అండదాత ఎంపిక

సొంత అండాలతో గర్భం ధరించే అవకాశం లేని స్త్రీకి మరొక స్త్రీ ఇచ్చే అండాల సాయంతో సంతానం కలిగించే వైద్య పద్ధతిని అండదానం అంటారు. అండాన్ని ఇచ్చే స్త్రీ అండదాత, దానితో గర్భం మోసే స్త్రీ స్వీకర్త. దాత అండాశయం నుంచి తీసిన అండాన్ని స్వీకర్త భర్త వీర్యకణంతో ప్రయోగశాలలో కలిపి, ఏర్పడిన పిండాన్ని మూడు నుంచి ఐదు రోజులు పెంచి, స్వీకర్త గర్భాశయంలోకి చేరుస్తారు. ఆసుపత్రుల్లో దీనిని ‘డోనర్ ఎగ్’ అనే పిలుస్తారు. దీనిని సరోగసీగా పొరబడడం మామూలైపోయింది. సరోగసీలో గర్భాశయం మరొకరిది, అండదానంలో అండం మాత్రమే మరొకరిది. నవమాసాలూ మోసి కనేది సంతానం కోరుకున్న స్త్రీయే. తల్లీబిడ్డల బంధాన్ని చెప్పడానికి తెలుగువారు వాడే మాటలు, అంటే కడుపున పుట్టడం, కడుపు పంట, కడుపు తీపి, పేగు బంధం వంటివన్నీ గర్భాన్ని ఆధారం చేసుకున్నవే కనుక, భాష లెక్కన ఈ బిడ్డ స్వీకర్త కడుపు పంటే. జన్యువుల లెక్కలో మాత్రం సగం తండ్రివి, సగం దాతవి. దాతను ఎలా ఎంచుకోవాలన్న ప్రశ్న ఈ రెండో సగం చుట్టూ తిరుగుతుంది.

అవసరం ఎవరికి

ఆడపిల్ల పుట్టేటప్పటికి ఆమె అండాశయాల్లో సుమారు 10 లక్షల నుంచి 20 లక్షల అండాలు ఉంటాయి. రజస్వల అయ్యే నాటికి అవి మూడు నాలుగు లక్షలకు తగ్గుతాయి, ఆ తర్వాత కొత్తవి ఏర్పడవు. వయసు పెరిగేకొద్దీ సంఖ్యతో పాటు నాణ్యతా తగ్గుతుంది, ముఖ్యంగా 35 దాటాక క్రోమోజోముల లోపాలున్న అండాల పాలు వేగంగా పెరుగుతుంది. కొందరిలో 40 ఏళ్లలోపే అండాశయాలు పనిచేయడం మానేస్తాయి. దీనిని అకాల అండాశయ వైఫల్యం అంటారు. ఒక ఎక్స్ క్రోమోజోము లోపించడం వల్ల వచ్చే టర్నర్ సిండ్రోమ్, కేన్సర్‌కు తీసుకున్న కీమోథెరపీ లేదా రేడియేషన్, అండాశయాల తొలగింపు, పలుమార్లు చేసిన ఐవీఎఫ్‌ (ప్రయోగశాలలో ఫలదీకరణం)లో మంచి పిండాలు ఏర్పడకపోవడం కూడా దాత అండం అవసరానికి దారితీసే కారణాలు. భార్యాభర్తలిద్దరూ ఒకే జన్యువ్యాధికి వాహకులైనప్పుడు, పిండాలకు జన్యుపరీక్ష చేయించే వీలు లేకపోతే దాత అండాన్ని ఆశ్రయించేవారూ ఉన్నారు. అండాశయాల్లో మిగిలిన నిల్వను ఏఎంహెచ్ అనే హార్మోన్ రక్తపరీక్షతోనూ, నెలసరి మొదటి రోజుల్లో చేసే స్కాన్‌లో కనిపించే చిన్న ఫాలికిల్స్ (అండాన్ని పొదిగి ఉంచే నీటి తిత్తులు) లెక్కతోనూ అంచనా వేస్తారు. ఏఎంహెచ్ తక్కువగా ఉన్నంత మాత్రాన దాత అండమే దిక్కని తేల్చకూడదు; వయసు తక్కువైతే కొద్ది అండాలతోనే సొంత గర్భం నిలిచే అవకాశం ఉంటుంది కాబట్టి, ఈ ఒక్క పరీక్ష కాగితం మీద నిర్ణయం తీసుకోమన్న చోట రెండో వైద్యుని అభిప్రాయం కోరడం మంచిది.

చరిత్ర

1978 జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డ్‌హామ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు లూయీస్ బ్రౌన్ పుట్టగా, అదే ఏడాది అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో రెండో శిశువు పుట్టింది. ఒకరి అండంతో మరొకరు గర్భం దాల్చడం ఐదారేళ్ల తర్వాత సాధ్యమైంది. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయ బృందం, అండాశయాలు పనిచేయని స్త్రీకి హార్మోన్లతో గర్భాశయాన్ని సిద్ధం చేసి, దాత అండంతో ఏర్పడిన పిండంతో గర్భాన్ని నిలిపిన వైనాన్ని 1984లో నేచర్ పత్రికలో ప్రకటించింది. దాదాపు అదే కాలంలో కాలిఫోర్నియాలో మరో పద్ధతిలో అమెరికా తొలి అండదాన శిశువు పుట్టింది. భారతదేశంలో 1986 ఆగస్టు 6న ముంబై కేఈఎం ఆసుపత్రిలో టెస్ట్‌ట్యూబ్ శిశువు జననానికి సారథ్యం వహించిన డాక్టర్ ఇందిరా హిందుజాకే దేశపు తొలి అండదాన శిశువు ఘనత కూడా దక్కింది. ఆ జననం 1991 జనవరి 24న జరిగింది. అండాలను క్షణాల్లో అతిశీతల స్థితికి చేర్చి, లోపల మంచు స్ఫటికాలు ఏర్పడకుండా గాజులా గడ్డకట్టించే విట్రిఫికేషన్ పద్ధతి స్థిరపడి, 2012లో అమెరికా సంతానవైద్యుల సంఘం దానిని ప్రయోగదశ దాటిన చికిత్సగా గుర్తించిన తర్వాత, దాత నెలసరినీ స్వీకర్త నెలసరినీ ఒకే తేదీకి కలపవలసిన అగత్యం తప్పింది. అండాల బ్యాంకులు నిలదొక్కుకున్నది అప్పటి నుంచే.

చట్టం గీసిన గీతలు

భారతదేశంలో చాలా ఏళ్లపాటు ఈ రంగానికి భారత వైద్య పరిశోధనా మండలి 2005లో వెలువరించిన మార్గదర్శకాలే ఆధారం. వాటికి శిక్ష విధించే బలం లేదు. 2019 సెప్టెంబరు 5న గుంటూరులోని ఒక ఆసుపత్రిలో, తూర్పుగోదావరి జిల్లాకు చెందిన 74 ఏళ్ల వృద్ధురాలు దాత అండాలతో, భర్త వీర్యకణాలతో కవల ఆడపిల్లలకు జన్మనిచ్చిన ఘటన ప్రపంచమంతా వార్తయింది. ఊళ్లో గొడ్రాలన్న నిందను దశాబ్దాలుగా మోసిన స్త్రీ ఆవేదనను అర్థం చేసుకుంటూనే, ఆ వయసులో ఆమె ప్రాణానికీ, పెంపకం ముగిసేదాకా తల్లిదండ్రులు ఉంటారో లేదో తెలియని పిల్లల భవిష్యత్తుకూ ఎవరు పూచీ అని దేశంలోని సంతానవైద్యుల సంఘాలు ప్రశ్నించాయి. ఆ ప్రశ్నకు కొంత జవాబు సహాయక సంతానోత్పత్తి సాంకేతికత (నియంత్రణ) చట్టం, 2021లో దొరికింది. 2022 జనవరి 25 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టాన్ని వాడుకలో ఏఆర్‌టీ చట్టం అంటారు. దీని ప్రకారం స్త్రీకి 21 దాటి 50లోపు, పురుషునికి 21 దాటి 55లోపు వయసులోనే ఈ చికిత్సలు చేయాలి.

దాత విషయంలో చట్టం మరింత నిక్కచ్చిగా ఉంది. అండదాత వయసు 23 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి. ఆమె జీవితంలో ఒక్కసారే అండాలు ఇవ్వాలి, ఆ ఒక్కసారీ ఏడు అండాలకు మించి తీయరాదు, ఒక దాత అండాలను ఒక జంటకు తప్ప మరొకరికి ఇవ్వరాదు. దాతను వెతకడం, పరీక్షించడం, వివరాలు నమోదు చేయడం చికిత్స చేసే సంతాన సాఫల్య కేంద్రం పని కాదు. అందుకోసం విడిగా రిజిస్టరైన ఏఆర్‌టీ బ్యాంకు ఉండాలి. బ్యాంకు దాత పేరు, ఆధార్ సంఖ్య, చిరునామా తీసుకుని భద్రపరచాలి. అండాలు కోరుకునే జంట దాత పేరిట 12 నెలల ఆరోగ్య బీమా చేయించాలి. పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో ఆ దంపతుల సొంత బిడ్డే, దాతకు ఎలాంటి తల్లి హక్కులూ ఉండవు. పిండాల జన్యుపరీక్ష వ్యాధుల కోసమే తప్ప ఆడో మగో తెలుసుకోవడానికి చేయరాదు. అండాల క్రయవిక్రయాలు, వాటికోసం ఏజెంట్ల ముఠా నడపడం నేరాలు. మొదటి ఉల్లంఘనకు 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నుంచి ఎనిమిదేళ్ల జైలు, 10 లక్షల నుంచి 20 లక్షల జరిమానా ఉంటాయి.

ఏడు అండాల పరిమితి అర్థం కావాలంటే ఒక చిన్న లెక్క వేసుకోవాలి. తీసిన ఏడింటిలో సాధారణంగా ఐదారు మాత్రమే పక్వమైనవి ఉంటాయి. ఒక్కొక్క అండంలోకి ఒక్కొక్క వీర్యకణాన్ని సన్నని సూదితో పంపే ఇక్సీ పద్ధతిలో వాటిలో నాలుగు ఫలదీకరణ చెందవచ్చు. ఐదో రోజుకు బ్లాస్టోసిస్ట్ దశకు, అంటే గర్భాశయానికి అతుక్కోవడానికి సిద్ధమైన దశకు, చేరేవి సుమారు రెండు. కాబట్టి దంపతుల చేతికి ఒకటి రెండు ప్రయత్నాలకు సరిపడే పిండాలే వస్తాయి, అవి నిలవకపోతే మళ్లీ కొత్త దాతను వెతుక్కోవాలి. చట్టానికి ముందు ఒకే దాత నుంచి పదిహేను, ఇరవై అండాలు తీసి రెండు మూడు జంటలకు పంచడం మామూలే. అది ఆగిపోవడంతో దాతలు దొరకడం కష్టమైంది, ఖర్చు పెరిగింది. ఈ ఫిర్యాదు నిజమే. అయినా డబ్బు కోసం పదే పదే ఇంజెక్షన్లు వేయించుకున్న యువతుల గతాన్ని చూసినవారు ‘జీవితంలో ఒక్కసారి’ అన్న నియమాన్ని సడలించమని అడగలేరు. ఏడు అండాల సంఖ్య మీద మాత్రం వైద్యశాస్త్రం ఆధారంగా పునరాలోచన జరిగితే దాతకూ స్వీకర్తకూ మేలే.

దాత దేహం

దాతను ఎంచుకునే కుటుంబం ముందుగా తెలుసుకోవలసింది ఆ దాత ఏమి అనుభవిస్తుందన్నది. నెలసరి రెండో రోజు నుంచి పది పన్నెండు రోజులపాటు రోజూ పొట్ట మీద హార్మోన్ ఇంజెక్షన్ వేస్తారు. సహజంగా నెలకు ఒక అండమే ఎదిగే చోట పలు అండాలు ఒకేసారి ఎదిగేలా చేయడం దీని ఉద్దేశం. అవి ముందే విడుదల కాకుండా మరో ఇంజెక్షన్, రెండు మూడు రోజులకోసారి స్కాన్, చివరికి అండాలను పక్వపరిచే ‘ట్రిగ్గర్’ ఇంజెక్షన్, దాని తర్వాత 34 నుంచి 36 గంటలకు మత్తుమందు ఇచ్చి, యోని మార్గంలో స్కాన్ సాయంతో సూదిని పంపి ఫాలికిల్స్‌లోని ద్రవంతో పాటు అండాలను లాగడం వరుసగా జరుగుతాయి. సూది పని పావుగంట, ఇరవై నిమిషాలే. కానీ రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, మత్తుమందు ప్రమాదాలు అరుదుగానైనా ఉన్నాయి. వీటన్నిటికంటే భయపడవలసింది అండాశయాలు అతిగా ప్రేరేపితమై వాచిపోవడం, పొట్టలో నీరు చేరడం, రక్తం చిక్కబడడం. దీనిని ఓహెచ్‌ఎస్‌ఎస్ అంటారు. మందుల మోతాదు తక్కువగా ఉంచి, ట్రిగ్గర్‌గా హెచ్‌సీజీకి బదులు జీఎన్‌ఆర్‌హెచ్ అగోనిస్టు అనే మందు వాడితే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.

ఈ జాగ్రత్తలు, వయసు నియమాలు గాలికి పోయిన చోట ప్రాణాలు పోయాయి. 2010లో ముంబైలో 17 ఏళ్ల బాలిక అండాలు ఇచ్చిన తర్వాత మరణించింది. 2014లో ఢిల్లీలో మరో యువతి అండాలు తీసిన రోజునే చనిపోయింది. 2022లో తమిళనాడులోని ఈరోడ్‌లో 16 ఏళ్ల బాలికను సొంత తల్లి, ఆమె సహచరుడు కలిసి, వయసు పెంచి చూపే నకిలీ ఆధార్ కార్డుతో పలుమార్లు ఆసుపత్రులకు తిప్పి అండాలు అమ్మించిన దారుణం బయటపడింది. కార్డు మీద వయసు మారింది, ఎదురుగా నిలబడిన ముఖం మాత్రం పిల్లదే. కార్డును చూసిన ప్రతి కౌంటర్ దగ్గరా ఎవరో ఒకరు ఆ ముఖాన్నీ చూసే ఉంటారు. దాత ఎంపిక అంటే మనకు కావలసిన గుణాల జాబితా రాసుకోవడమని భావించే దంపతులు, ఆ దాత వయసు, అంగీకారం, బీమా నిజమైనవా అని అడగడం తమ బాధ్యతలో భాగమని గ్రహించాలి. పేరు తెలుసుకునే హక్కు వారికి లేకపోయినా, బ్యాంకు రిజిస్ట్రేషన్ సంఖ్యను, దాత వయసును, బీమా పత్రాన్ని అడిగే హక్కు ఉంది. 2025లో సికింద్రాబాద్‌లో సరోగసీ పేరిట లక్షలు చెల్లించిన దంపతులు డీఎన్ఏ పరీక్ష చేయించగా బిడ్డ తమదే కాదని తేలి, పోలీసు కేసులు నమోదైన ఉదంతం తర్వాత, రిజిస్ట్రేషన్‌ను నోటిమాటగా నమ్మకుండా జాతీయ ఏఆర్‌టీ, సరోగసీ రిజిస్ట్రీలో సరిచూసుకోవలసిన అవసరం ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు.

ఏ గుణాలు చూడాలి

బ్యాంకు సాధారణంగా దాత వయసు, ఎత్తు, బరువు, చామనఛాయ వంటి శరీరవర్ణం, కళ్లు, జుట్టు, చదువు, రక్తవర్గం, కుటుంబ ఆరోగ్య చరిత్ర రాసిన ఒక పత్రాన్ని ఇస్తుంది. తెలుగునాట కుటుంబాలు ఈ పత్రంలో మొదట వెతికేది రంగును, ఆ వెంటనే అడిగేది కులాన్ని. దీని వెనుక ఉన్న భయం తేలికగా తీసిపారేయదగినది కాదు: బారసాల నాడు ఉయ్యాల చుట్టూ చేరిన బంధువులు బిడ్డ ముక్కు మేనత్తదని, నుదురు తాతదని పోలికలు పంచుకునే ఇంట్లో, ‘తల్లి పోలిక ఒక్కటీ రాలేదే’ అన్న మాట ఆ తల్లి గుండెలో ఎంతగా గుచ్చుకుంటుందో ఊహించవచ్చు. అయినా రంగు, ఎత్తు, ముఖవైఖరి వంటివి ఒక్కొక్కటి వందలాది జన్యువుల కలయికతో ఏర్పడేవి. దాత ఫొటోను చూసి బిడ్డ ముఖాన్ని ముందే చెప్పడం ఎవరి వల్లా కాదు. చదువు విషయం మరీ బలహీనమైనది, డిగ్రీ పట్టా అండం ద్వారా సంక్రమించదు.

కులం విషయంలో జన్యుశాస్త్రం చెప్పేది కుటుంబాల నమ్మకానికి పూర్తిగా ఎదురు. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న సముదాయాల్లో కొన్ని లోపపు జన్యువులు ఎక్కువ మందిలో నిలిచిపోతాయి. ఒక లోపపు జన్యువును ఒకే ప్రతిగా కలిగి, తాను ఆరోగ్యంగా ఉండే మనిషిని వాహకుడు లేదా వాహకురాలు అంటారు. తండ్రి, అండదాత ఇద్దరూ ఒకే వ్యాధికి వాహకులైతే బిడ్డకు ఆ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకుని 2017లో నేచర్ జెనెటిక్స్‌లో ప్రచురించిన అధ్యయనం, దక్షిణాసియాలోని 260కి పైగా సముదాయాలను పరిశీలించి, వాటిలో 81 సముదాయాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించాయని, వాటిలో ఇలాంటి వ్యాధులు పేరుకునే ముప్పు ఉందని చూపింది. ఆంధ్ర ప్రాంతపు వైశ్య సముదాయంలో, ఆపరేషన్ సమయంలో కండరాలను సడలించడానికి ఇచ్చే ఒక మందును శరీరం విచ్ఛిన్నం చేయలేకపోయే ఎంజైము లోపం ఇతరులలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించడం ఇందుకు వైద్యులందరికీ తెలిసిన ఉదాహరణ. అది ఏ ఒక్క కులానికో అంటగట్టవలసిన లోపం కాదు, వరుసలోనే సంబంధం కలుపుకునే ప్రతి సముదాయానికీ ఇలాంటిదేదో ఒకటి ఉండే అవకాశం ఉంది. మేనరికాలు విరివిగా జరిగిన తెలుగు కుటుంబాల్లో భర్త కులం నుంచే, ప్రాంతం నుంచే దాత కావాలని పట్టుబట్టడమంటే, బిడ్డకు ఈ ముప్పును డబ్బిచ్చి మరీ కొనితెచ్చుకోవడమే. వేరే సముదాయపు ఆరోగ్యవంతురాలైన దాత ఈ లెక్కలో మేలైన దాత.

అందువల్ల మొదట చూడవలసింది దాత వయసు. గర్భం నిలిచే అవకాశం స్వీకర్త వయసు కంటే అండం వయసు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. 25 ఏళ్ల స్త్రీ అండంతో డౌన్ సిండ్రోమ్ బిడ్డ పుట్టే అవకాశం సుమారు 1,250లో ఒకటి కాగా, 40 ఏళ్ల స్త్రీ అండంతో అది దాదాపు 100లో ఒకటికి పెరుగుతుంది. రెండోది అంటువ్యాధుల పరీక్షలు: హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్. మూడోది, ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది, వాహకత్వ పరీక్ష. తలసీమియా వాహకత్వాన్ని చెప్పే హిమోగ్లోబిన్ పరీక్ష కాగితంలో హెచ్‌బీఏ2 అన్న వరుస ఉంటుంది. అక్కడి అంకె 3.5 శాతం దాటితే వాహకత్వాన్ని అనుమానించాలి. అదే కాగితంలో సికిల్ సెల్ హిమోగ్లోబిన్ కూడా కనబడుతుంది, గిరిజన ప్రాంతాలతో సంబంధమున్న కుటుంబాలకు ఇది ముఖ్యం. ఈ పరీక్ష దాతకు మాత్రమే చేసి ఊరుకుంటే ప్రయోజనం సగమే. తండ్రికీ చేయించి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. దాత వాహకురాలైనా తండ్రి కాకపోతే బిడ్డకు వ్యాధి రాదు కాబట్టి, ఆ ఒక్క కారణంతో మంచి దాతను వదులుకోనక్కరలేదు.

రక్తవర్గం కలవాలన్న పట్టుదలకు వైద్యపరమైన ఆధారం లేదు. అది గోప్యతకు సంబంధించిన కోరిక. తల్లిదండ్రులిద్దరూ ‘ఓ’ వర్గంవారై, బిడ్డది ‘ఏ’ వర్గమైతే, పదో తరగతి జీవశాస్త్రం చదివిన ఏ పిల్లైనా ప్రశ్న వేస్తుంది. ఆర్‌హెచ్ కారకం విషయంలో మాత్రం నిజమైన వైద్య జాగ్రత్త ఒకటుంది: తల్లి ఆర్‌హెచ్ నెగటివ్, భర్త కూడా నెగటివ్ అయితే సాధారణంగా వైద్యులు బిడ్డదీ నెగటివే అనుకుని యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం లేదంటారు, కానీ దాత పాజిటివ్ అయితే బిడ్డ పాజిటివ్ కావచ్చు, అప్పుడు ఆ ఇంజెక్షన్ అవసరమే. ఇలాంటిదే డబుల్ మార్కర్ పరీక్ష. మూడో నెలలో డౌన్ సిండ్రోమ్ ముప్పును లెక్కగట్టే ఈ పరీక్ష దరఖాస్తులో తల్లి వయసు రాయాలి. అండదానంతో గర్భం ధరించిన 46 ఏళ్ల స్త్రీ తన వయసే రాస్తే యంత్రం భయంకరమైన అంకెను చూపుతుంది, ఉమ్మనీటి పరీక్ష దాకా వెళ్లవలసి వస్తుంది. అక్కడ రాయవలసింది అండం తీసిన నాటి దాత వయసు. ఊరివారి దగ్గర దాచినా, ప్రసవం చేసే వైద్యురాలి దగ్గర, స్కాన్ చేసే వైద్యుని దగ్గర ఈ విషయం దాచకూడదని చెప్పడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కరలేదు. దాత అండంతో వచ్చే గర్భాల్లో రక్తపోటు పెరిగే ప్రీఎక్లాంప్సియా ముప్పు ఎక్కువ కనుక అది తెలిసి ఉండడం తల్లి ప్రాణానికీ రక్ష.

చెల్లెలు దాత కావచ్చునా

తోడబుట్టినది ఇస్తే రక్తసంబంధం నిలుస్తుందని భావించే కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కచెల్లెళ్ల జన్యువుల్లో సగటున సగం ఒకటే కాబట్టి ఆ ఆశ అర్థవంతమే. అయితే దాతను రిజిస్టరైన బ్యాంకు ద్వారానే తీసుకోవాలన్న ప్రస్తుత నియమం దీనికి అడ్డుగా నిలుస్తోంది. చట్టానికి ముందు కాలపు వివాదం ఒకటి 2024 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ముందుకు వచ్చింది: భార్య చెల్లెలు ఇచ్చిన అండాలతో, సరోగసీ ద్వారా కవలలు పుట్టాక దంపతులు విడిపోగా, పిల్లలు తండ్రి దగ్గర, అండమిచ్చిన పినతల్లి దగ్గర పెరుగుతున్నారు. అండం తన మరదలిదే కనుక భార్యకు తల్లి హక్కు లేదని తండ్రి వాదించాడు. అండదాతకు బిడ్డ మీద చట్టబద్ధమైన హక్కేదీ లేదని, ఆమె తాను జీవసంబంధ తల్లినని చెప్పుకోజాలదని కోర్టు స్పష్టం చేసి, భార్యకు పిల్లలను కలుసుకునే హక్కు కల్పించింది. సొంతవారి నుంచి అండం తీసుకున్నప్పుడు కూడా కాగితాలు, సలహాదారుతో ముందస్తు చర్చ ఎందుకు కావాలో ఈ తీర్పు చదివితే తెలుస్తుంది. సరోగసీలో దాత అండాల వాడకం మరో తీరుగా నడిచింది: 2023 మార్చిలో కేంద్రం దానిని నిషేధించగా, పుట్టుకతో గర్భాశయం లేని స్త్రీల తరఫున సుప్రీంకోర్టుకు వ్యాజ్యాలు వెళ్లాయి, చివరకు 2024 ఫిబ్రవరిలో జిల్లా వైద్య మండలి ధ్రువీకరిస్తే, దంపతుల్లో ఒకరిదైనా సొంత బీజకణం ఉండాలన్న షరతుతో అనుమతించారు.

ఇతర దేశాల్లో

దాతను ఎంచుకునే తీరు దేశానికో రకంగా ఉంది. అమెరికాలో ఏజెన్సీలు దాతల ఫొటోలు, చదువు, అభిరుచులతో జాబితాలు ఇస్తాయి. దాతకు పారితోషికం చెల్లించడం అక్కడ చట్టబద్ధం. అక్కడ స్థిరపడిన తెలుగు దంపతులు భారతీయ మూలాలున్న దాత కోసం వెతికినప్పుడు జాబితాలో కొద్దిమందే కనిపిస్తారు. భారతదేశం నుంచి దాత అండాలను తెప్పించుకుందామంటే ఏఆర్‌టీ చట్టం ఒప్పుకోదు. సొంత అండాలను, పిండాలను సొంత వాడకానికి తరలించుకోవడానికి మాత్రమే, అదీ జాతీయ బోర్డు అనుమతితోనే వీలుంది. స్పెయిన్‌లో దాత అజ్ఞాతంగా ఉంటుంది, పోలికలు చూసి దాతను కేటాయించేది వైద్య బృందం. జర్మనీలో 1990 నాటి పిండ రక్షణ చట్టం అండదానాన్నే నిషేధించింది. బ్రిటన్ 2005 ఏప్రిల్ 1 నుంచి అజ్ఞాత దానాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత నమోదైన దాతల బీజకణాలతో పుట్టినవారు 18 ఏళ్లు నిండాక దాత పేరు, చివరి చిరునామా అడిగి తెలుసుకోవచ్చు. ఆ తరంలో మొదటివారికి 2023లో 18 ఏళ్లు నిండాయి.

బిడ్డకు చెప్పడం

దాత ఎంపిక పిండం నిలవడంతో ముగిసిపోదు, దాని పర్యవసానం బిడ్డ జీవితకాలమంతా ఉంటుంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త సూసన్ గోలంబాక్ బృందం అండదానం, వీర్యదానం, సరోగసీలతో ఏర్పడిన కుటుంబాలను పిల్లల పసితనం నుంచి 20 ఏళ్ల వయసు దాకా గమనించి 2023లో ఫలితాలు ప్రకటించింది: ఈ పిల్లల మానసిక ఆరోగ్యానికీ సహజంగా పుట్టిన పిల్లల మానసిక ఆరోగ్యానికీ తేడా లేదు, ఏడేళ్లలోపే పుట్టుక సంగతి తెలిసిన పిల్లలకు తల్లితో అనుబంధం మెరుగ్గా ఉంది. ఇంట్లో ఎవరూ చెప్పకపోయినా, లాలాజలం పంపితే దూరపు బంధువుల దాకా చూపే డీఎన్ఏ పరీక్షలు అందుబాటులోకి వచ్చిన కాలంలో ఈ రహస్యం శాశ్వతంగా దాగుతుందని ఏ బ్యాంకూ హామీ ఇవ్వలేదు. కనుక దాత గురించి బ్యాంకు ఇచ్చిన పత్రాన్ని, అంటే వయసు, కుటుంబ వ్యాధుల చరిత్ర, వాహకత్వ ఫలితాలు ఉన్న కాగితాన్ని, దంపతులు బిడ్డ పుట్టిన పత్రంతో పాటే భద్రపరచాలి. 30 ఏళ్లకు ఆ బిడ్డను వైద్యుడు ‘మీ అమ్మగారి వైపు ఎవరికైనా ఈ జబ్బు ఉందా’ అని అడిగినప్పుడు నిజమైన జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది.

ఏఆర్‌టీ చట్టం ప్రకారం కేంద్రాలు, బ్యాంకులు తమ రికార్డులను కనీసం పదేళ్లు ఉంచి, ఆ తర్వాత జాతీయ రిజిస్ట్రీకి అప్పగించాలి. ఆ రికార్డుల్లో దాత పేరు, ఆధార్ సంఖ్య, చిరునామా ఉంటాయి. పెద్దయ్యాక వాటిలోని వివరాలు, కనీసం ఆరోగ్య చరిత్ర, తెలుసుకునే హక్కు ఆ బిడ్డకు ఉందని చెప్పే సెక్షన్ మాత్రం చట్టంలో లేదు. దానిని చేర్చవలసి ఉంది.